గుండీల డబ్బా

ప్రియమైన చిట్టీ,

ఎలా ఉన్నావు? మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? హాస్టల్లో ఆడపిల్లలు వార్డెనమ్మ మాట వింటున్నారా? ఫోనులో అడగొచ్చు కదా వదినా అంటావు. ఎలా అడగను చెప్పు? మాది రెండు గదుల ఇల్లు. నేను 'హలో' అనడమే ఆలస్యం, మీ అన్నయ్య చెవులు ఇటే ఉంటాయి. మొగుడి మీద చాడీలు మొగుడి ఎదురుగానే చెప్పేంత ధైర్యం నాకు ఈ వయసులో కూడా రాలేదు. అందుకే కుట్టుమిషను మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. చూస్తే ఎవరి పాంటు కొలతలో రాసుకుంటున్నాననుకుంటాడు.

విసిగిపోయాను చిట్టీ. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఊరందరి లిఫ్టులూ బాగుచేసిన మనిషి, రిటైరయ్యాక చేతులు ఊరుకోక ఫ్లైఓవరు కింద పాత సామాన్ల బజారు మీద పడ్డాడు. ఆదివారం తెల్లారకముందే లేచి, చేతిలో టార్చిలైటు, జేబులో అయస్కాంతం, భుజాన గోనెసంచి పెట్టుకుని బయల్దేరతాడు. ఎవరైనా చూస్తే కన్నం వెయ్యడానికి పోతున్నాడనుకుంటారు. అయస్కాంతం ఎందుకంటే, అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత. అంటుకోకపోతే అసలైన ఇత్తడి అట. పొద్దెక్కాక సంచి మోసుకుంటూ వచ్చి "నిధి దొరికిందోయ్!" అంటాడు. ఆ నిధులు ఏమిటంటావా? ముల్లు తిరగని గోడగడియారం. నోరు పెగలని పాత వాల్వుల రేడియో. కోడిపుంజు బొమ్మే గడియగా ఉన్న బొగ్గుల ఇస్త్రీపెట్టె, కాలిమీద పడితే కాలు ఉండదు. అన్నిటినీ విప్పుతాడు, తుడుస్తాడు, బిగిస్తాడు, మంచం కిందికి తోస్తాడు. ఇప్పుడు మంచం కింద చోటు లేక మంచం పక్కకి వచ్చాయి. నేను ఇంట్లో అడ్డంగా నడుస్తున్నాను.

ఏమన్నా అంటే నా గుండీల డబ్బా చూపిస్తాడు, నువ్వు మాత్రం పాతవి దాచట్లేదా అని. పోలికా అది? అది మా అమ్మ చేతి డబ్బా. చిరిగిన ప్రతి బట్టకీ ఒక గుండీ కోసి అందులో వేసేది. తర్వాత నేనూ వేశాను. ఆయన పెళ్ళినాటి చొక్కాదీ, నీ స్కూలు గౌనుదీ కూడా అందులోనే ఉన్నాయి. ఇల్లు తగలబడితే మొగుణ్ణి తర్వాత లేపుతాను, ముందు ఆ డబ్బా చంకన పెట్టుకుంటాను. ఈ మాట ఆయనకీ తెలుసు.

పైపెచ్చు పైవాళ్ళ స్నానాలగదిలో కుళాయి కారి మా కప్పు మీద మరక వచ్చింది. సరిగ్గా మిషను మీద పడుతున్నాయి చుక్కలు. మిషను కిటికీ దగ్గరికి జరుపుకున్నాను. ఆ రేడియో లేకపోతే ఇంకాస్త బాగా జరిగేది.

నువ్వే ఏదో ఒక దారి చెప్పు.

అలిసిపోయిన నీ వదిన


ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం భోజనాల గంట ముందు అందింది. గంట కొట్టడం మర్చిపోయి చదివాను. పిల్లలు గిన్నెలు వాయించారు.

నాకూ ఓపిక లేదు వదినా. పొద్దున్న లేస్తే ఒకత్తి జ్వరం, ఇంకొకత్తి ఏడుపు, వంటమనిషి అలక. మెట్లు ఎక్కి దిగేసరికి మోకాళ్ళు నన్ను తిడతాయి. అయినా నీ కష్టం ముందు నాది ఏపాటిది? నాకు మంచం కింద చెప్పులు మాత్రమే ఉన్నాయి.

అన్నయ్య చిన్నప్పుడూ ఇంతే. బడి నుంచి వస్తూ దారిలో దొరికిన నట్లూ బోల్టులూ జేబులో వేసుకొచ్చేవాడు. జేబులు చిరిగి అమ్మ తిట్టేది. కుక్క తోక ఇప్పుడు చక్కబడుతుందా? చెప్తే వినడు. చెప్పకుండా చెయ్యి. అన్నయ్య ఆదివారం తెస్తే నువ్వు బుధవారం పట్టుకెళ్ళి అక్కడే ఒకటొకటిగా అమ్మెయ్యి. అన్ని సామాన్ల మధ్య ఒకటి తగ్గితే ఎవరికి తెలుస్తుంది? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా, ఆ సగం మొగుడి హోదాలో నీకు అనుమతి ఇచ్చేస్తున్నాను.

నీ చిట్టి


ప్రియమైన చిట్టీ,

నీ మాట విని ఇంటిదొంగనయ్యాను.

మీ అన్నయ్య పింఛను పనిమీద బ్యాంకుకి వెళ్ళిన బుధవారం చూసి ఇస్త్రీపెట్టె మోసుకుపోయాను. అక్కడ ఒకామె ఉంది, పాత పరుపు పరిచి దాని మీద సామాన్లు పెడుతుంది. అందరూ పరుపుల పిన్ని అంటారు. "మా ఆయన వస్తే చెప్పకు" అన్నాను. "నా నోట్లోంచి ఊడిపడదమ్మా" అని ఒట్టు కూడా పెట్టింది. చేతులు ఊపుకుంటూ ఇంటికొచ్చాను. మంచం పక్కన జానెడు నేల కనిపించింది. కాసేపు దాని వైపే చూస్తూ కూర్చున్నానంటే నమ్ము.

సాయంత్రం ఆయన అడిగాడు: "ఇస్త్రీపెట్టె ఏదోయ్?"

"నాకేం తెలుసు? నేను చూడలేదు" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి గడియారం తుడుచుకోవడానికి కూర్చున్నాడు. దొరికిపోయాననే అనుకున్నాను. అయితే ఆదివారం ఏమైందో తెలుసా? సంచిలోంచి అదే పెట్టె, అదే కోడిపుంజు! "చూడవోయ్, మన పెట్టెకి తోడబుట్టినది దొరికింది" అని తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ చిరాకులో పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయాను, గిన్నె మాడి బొగ్గయింది. ఆయన పరిగెత్తుకొచ్చి కట్టేశాడు. ఇంకోటి, నా గుండీల డబ్బా కనబడటంలేదు. నాకైతే తెలియను కూడా తెలియదు, ఆయనే అడిగాడు "నీ డబ్బా ఏదోయ్" అని. చూస్తే అలమరలో లేదు. ఆయన గడియారాల కింద ఎక్కడో నలుగుతూ ఉంటుంది. మీ అన్నయ్య నిధులు నా నిధిని మింగేశాయి.

అన్నట్టు నీకో సంగతి రాయడం మర్చిపోయాను. పైవాళ్ళ కుళాయి కారి మా కప్పు మీద ఇంత మరక వచ్చింది. సరిగ్గా మిషను మీదే చుక్కలు. మిషను కిటికీ దగ్గరికి జరుపుకున్నాను.

నీ ఇంటిదొంగ వదిన


ప్రియమైన వదినా,

ముందు నవ్వు కానిచ్చి తర్వాత రాస్తున్నాను. పెట్టెకి తోడబుట్టినదట! మా వంటమనిషికి చదివి వినిపిస్తే అలక మానేసి నవ్వింది. కుళాయి సంగతి పోయిన ఉత్తరంలోనే రాశావు వదినా, మిషను జరుపుకోవడంతో సహా. రెండోసారి జరిపితే వీధిలో పడుతుంది జాగ్రత్త. ముసలమ్మవైపోతున్నావు.

ఇక నవ్వు ఆపి ఒక మాట చెప్పనా? రాయనా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. లిఫ్టు ఎక్కితే మోత విని ఏ బోల్టు వదులైందో చెప్పే మనిషి మా అన్నయ్య. తన చేత్తో విప్పి బిగించిన పెట్టెను గుర్తుపట్టలేదా? ఇంట్లోది ఏమైందో గట్టిగా అడగనైనా లేదా?

మా హాస్టల్ పాత వాచ్‌మన్ గుర్తున్నాడా? అతనికీ ఇలాగే మొదలైంది. గేటుకి వేసిన తాళమే మళ్ళీ మళ్ళీ వేసేవాడు. మేమూ నవ్వాం. చివరికి ఒకరోజు తాళంచెవి చేతిలో పట్టుకుని, ఇది ఏమిటమ్మా అని నన్నే అడిగాడు.

నా అనుమానం గాలిలో కలిసిపోతే మంచిదే. ఇంకొక్కసారి చూడు. ఈసారి రేడియో అమ్ము. గుర్తుపడితే తిట్టించుకో, సంతోషంగా తిట్టించుకో. గుర్తుపట్టకపోతే నాకు వెంటనే రాయి.

నీ చిట్టి


ప్రియమైన చిట్టీ,

గుర్తుపట్టలేదు.

రేడియో అమ్మిన తర్వాత ఆదివారం తెల్లారినప్పటినుంచీ కిటికీ దగ్గరే కూర్చున్నాను, తిట్టించుకోవడానికి సిద్ధంగా. మెట్ల మీద చప్పుడు విని లేచి నిలబడ్డాను. సంచిలోంచి రేడియో తీసి, "అచ్చం మనదానిలాగే ఉంది కదోయ్" అన్నాడు. ఆ మాట ఎంత మెల్లగా అన్నాడంటే, నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ చెత్త పోతే చాలనుకున్నాను. ఇప్పుడు ఇల్లంతా నింపినా ఫరవాలేదు, ఆయన మాత్రం ఆయనలాగే ఉంటే చాలు.

నువ్వు చెప్పాక ఒక్కొక్కటే కనబడుతోంది. పొయ్యి పక్క గోడకి 'కట్టెయ్యి' అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించాడు. ఎవరికోసమిది అంటే "నాకోసమేలే" అన్నాడు. తాళంచెవికి ఎర్రదారం కట్టి మేకుకి తగిలించాడు. నేను కూరలకి వెళ్తే తానూ వస్తానంటాడు, ఒక్కడే ఇంట్లో ఉండలేకపోతున్నాడు కాబోలు. పొద్దున్న ఏం తిన్నామోయ్ అని నన్ను అడుగుతాడు. పాపం, ఆయనకి గుర్తుండక అడుగుతున్నాడు కదా అని నేనూ ఓపిగ్గా చెప్తున్నాను. ఒక్కోసారి నాకూ చప్పున తట్టదు. దిగులుతో ఎవరికి మాత్రం తడుతుంది?

డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. కోప్పడతాడనుకుంటే, వెంటనే ఒప్పుకున్నాడు. "ఇద్దరం వెళ్దాం, ఇద్దరం చూపించుకుందాం" అన్నాడు. తోడు లేనిదే వెళ్ళలేనంత భయపడుతున్నాడు.

ఒకటే మంచి కబురు, గుండీల డబ్బా దొరికింది. అలమరలో ఎప్పుడూ ఉండే చోటే ఉంది. ఆయనే ఎక్కడో పెట్టి మర్చిపోయి, మళ్ళీ తెచ్చి పెట్టి ఉంటాడు. నేను ఒక్క మాట అడగలేదు.

పనికి సెలవు పెట్టి రా చిట్టీ. ఒక్కదాన్నే మొయ్యలేకపోతున్నాను.

నీ వదిన


ప్రియమైన వదినకి,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన రొట్టె బస్సులోనే తిన్నాను.

మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. స్టాండులో నువ్వు చెయ్యి ఊపుతుంటే అప్పుడైనా దిగి చెప్దామనుకున్నాను. నోరు రాలేదు. ఉత్తరంలో నీ మొహం కనబడదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కూర్చుని చదువు.

నేను అన్నయ్యతో బజారుకి వెళ్ళిన ఆదివారం నువ్వు పడుకునే ఉన్నావు. చీకట్లో ఫ్లైఓవరు కింద ఎటు చూసినా టార్చిలైట్లే. అందరూ నేల మీదికి వంగి వెతుకుతున్నారు, మాటలు లేవు. అన్నయ్య ఒక తలుపు పిడి తీసి గోటితో గీకాడు, అయస్కాంతం పెట్టాడు, దాని పుట్టుపూర్వోత్తరాలు నాకు చెప్పాడు. ఒక్కచోటా తడబడలేదు. ఈయనకి మతిమరుపేమిటని నాకు అక్కడే అనుమానం వచ్చింది. పరుపుల పిన్ని నన్ను చూసి నవ్వింది. "మీ వదిన తెస్తుంది, మీ అన్న తీసుకెళ్తాడు. మీ ఇంటి సామాన్లకి నా పరుపు పుట్టిల్లయిపోయిందమ్మా" అంది. నీకు పెట్టిన ఒట్టు ఏమైందని అడిగితే, "చెప్పొద్దన్నారనే ఆయనొక్కరికే చెప్పాను" అంది.

టీకొట్టు దగ్గర అన్నయ్యని అడిగాను. అది మనింటి పెట్టేనని తెలుసా అని.

"తెలియకేం? ఆ పుంజు మెడ అతికించింది నేనే కదా."

"మరి తోడబుట్టినదని ఎందుకు చెప్పావు?"

అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు. "మీ వదిన అమ్మేసి మర్చిపోతోందే. అడిగితే చూడలేదంటుంది. నువ్వు మర్చిపోయావని మొహం మీద చెప్పమంటావా? సిగ్గుతో చచ్చిపోతుంది. ఏదో ఒకటి చెప్పి మళ్ళీ ఇంట్లో పెట్టేస్తే సరిపోతుంది కదా అని."

నాకు నవ్వు ఆగలేదు వదినా. నిజం చెప్పేశాను. నువ్వు తెలిసే అమ్మావనీ, సామాన్లు అమ్మెయ్యమని సలహా ఇచ్చింది నేనేననీ, నువ్వేమో ఆయనకే మతిమరుపని కుమిలిపోతున్నావనీ. అన్నయ్యకి టీ పొలమారింది. "అయితే ఇద్దరం ఒకరికొకరు కాపలా కాస్తున్నామన్నమాట!" అని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. గండం గడిచిందనుకున్నాను.

నవ్వు ఆగాక అన్నయ్య అడిగాడు: "మరి గుండీల డబ్బా?"

నీ డబ్బా ఇంట్లో పోలేదు వదినా. అన్నయ్యకి పరుపుల పిన్ని దగ్గర కనబడింది. ఎవరు తెచ్చారంటే, మీ ఆవిడే అందట. ఆ తర్వాతే ఇంటికొచ్చి నిన్ను అడిగాడు, నీ డబ్బా ఏదోయ్ అని. నువ్వు అలమర వెతికావు. నీకేమీ తెలియదని అప్పుడు అర్థమైంది ఆయనకి. డబ్బాని వెనక్కి తెచ్చి అలమరలో పెట్టింది ఆయనే. మిగతావన్నీ దాని తర్వాతవే. పొయ్యి దగ్గర కాగితం నీకోసం. ఎర్రదారం నీకోసం. కూరలకి వెంట వచ్చేదీ నీకోసమే. 'నాకోసమేలే' అని నీతో అబద్ధమాడాడు. నేను అనుమానించమని నీకు చెప్పింది తప్పు మనిషిని.

ఆ తర్వాత రెండు రోజులు నిన్ను చూస్తూ ఉన్నాను. వేలికి పెట్టుకున్న కుట్టుతొడుగు కోసం ఇల్లంతా వెతికావు. నా కాళ్ళకి నూనె రాసి, కాసేపటికి మళ్ళీ నూనె సీసా తెచ్చావు. నేను రెండోసారి కూడా రాయించుకున్నాను.

కోపం వస్తే నన్ను తిట్టు. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళు. అన్నయ్య కోసమే వెళ్తున్నాననుకుని అయినా సరే.

నీ చిట్టి


ప్రియమైన చిట్టీ,

నీ ఉత్తరం చదివి కోపమే వచ్చింది. అన్నాచెల్లెళ్ళు టీకొట్టు దగ్గర కూర్చుని నన్ను పిచ్చిదాన్ని చేశారనుకున్నాను. మా అమ్మ డబ్బా నేను అమ్ముకోవడమా? ఆ పరుపుల పిన్నే ఎత్తుకుపోయి నా మీద పెట్టి ఉంటుంది, కడిగేసి వద్దామని బుధవారం బయల్దేరాను. మీ అన్నయ్య కూడా వచ్చాడు. ఇన్నాళ్ళకి ఒకరి దగ్గర ఒకరం దాచేది ఏమీ లేదు కాబట్టి, దారంతా ఏం మాట్లాడుకోవాలో తెలియలేదు. ఆయన టీకొట్టు దగ్గర ఆగిపోయి, నువ్వే వెళ్ళి అడుగు అన్నాడు.

నేను నోరు తెరవకముందే ఆమె లేచి నిలబడింది. "ఆరోజు వానమ్మా" అంది. "తడిసి ముద్దయి వచ్చారు. చెప్పులు కూడా లేవు. డబ్బా నా చేతిలో పెట్టి, 'మా అమ్మ పని దిగి ఇటే వస్తుంది, వస్తే ఇచ్చెయ్యి' అన్నారు. పైసా అడగలేదు. మీరు అడగలేదు కాబట్టి మీ ఆయన దగ్గర నేనూ తీసుకోలేదు. మీ అమ్మ మాట మాత్రం ఆయనకి చెప్పలేదమ్మా. అది చెప్పబుద్ధి కాలేదు."

ఆమె నోట్లో మాట దాగదనుకున్నాం కదా. దాచాల్సింది దాచింది చూడు.

మా అమ్మ పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. ఆ వాన నాకు గుర్తులేదు. ఎంత తవ్వినా లేదు. ఆ మధ్య గుమ్మంలో తడి చీర చూసి మీ అన్నయ్యని కోప్పడటం మాత్రం గుర్తుంది, కుళాయి నీళ్ళలో నా చీర పడేశారని. ఆయన దాన్ని పిండి ఆరేశాడు.

భయమేసింది చిట్టీ. ఇంకా భయంగానే ఉంది. టీకొట్టు దగ్గరికి వెళ్ళి, "నేనే ఇచ్చానట" అన్నాను. "సరేలే, టీ తాగు" అన్నాడు. ఏడిస్తే చుట్టూ జనం, అందుకని టీ తాగాను.

డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం, ఇద్దరం చూపించుకున్నాం. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు మీ అన్నయ్య అయస్కాంతం లాంటివి. ఎవరిది పూతో ఎవరిది ఇత్తడో చప్పున తేలిపోయింది. మందులిచ్చింది. వెనక్కి తీసుకురావు, కాస్త నెమ్మది చేస్తాయి అంది. నెమ్మదిగా పోయేవాటిని మోసుకుంటూ బతకడం మీ అన్నయ్యకి అలవాటే.

ఇప్పుడు ఆదివారాలు నేనూ వెళ్తున్నాను. ఆయన వెతుకుతాడు, నేను టార్చి పట్టుకుంటాను. పోయిన ఆదివారం ఎవరిదో పాత కోటు గుండీ ఒకటి దొరికింది. అయస్కాంతం పెడితే అంటుకోలేదు. దాన్ని డబ్బాలో వేస్తూ, "ఇదెక్కడిదో నువ్వు మర్చిపోతే నేను చెప్తాలే" అన్నాడు. ఇస్త్రీపెట్టె, రేడియో ఉన్నచోటే ఉన్నాయి. అడ్డంగా నడవడం బాగానే అలవాటైంది నాకు, ఎటు తిరిగినా ఏదో ఒకటి చేతికి ఆనుతుంది.

నీతో ఒక్క ఒప్పందం. రాసిందే మళ్ళీ రాస్తే వేళాకోళం చెయ్యడం మానకు. "పోయిన ఉత్తరంలోనే రాశావు వదినా, ముసలమ్మవైపోతున్నావు" అను. జాలిపడి ఊరుకున్నావో, సగం మొగుడివని కూడా చూడను. నువ్వు నవ్వినంతకాలం నాది మతిమరుపు. నువ్వు నవ్వడం మానేస్తే అది రోగమైపోతుంది.

పైవాళ్ళ కుళాయి సంగతి నీకు రాశానా? రాసే ఉంటాను. అయినా మళ్ళీ రాస్తున్నాను, విను. కప్పు మీద ఇంత మరక వచ్చింది చిట్టీ, సరిగ్గా మిషను మీదే చుక్కలు. మిషను కిటికీ దగ్గరికి జరుపుకున్నాను.

ఎప్పటికీ నీ వదిన